గోడమీది డబ్బా గోడు

కర్తరి నడుస్తూ వుండగా స్వెట్టరు అల్లవలసి వచ్చిందని పెరంబూరు నుంచి వొక సోదరి మాకు వుత్తరం వ్రాశారు. వారి భర్తగారి ఆఫీసు పాతకాలపు పెద్ద కట్టడంలో వున్నదట. బయట 41 డిగ్రీల యెండ కాస్తూ వుంటే, లోపల ఆయనగారికి ముక్కు కారుతూ వుంటుందట. పది అడుగుల అవతల బల్లదగ్గర కూర్చునే మరొక గుమాస్తాగారేమో అదే హాలులో అట్టముక్కతో విసురుకుంటూ వుంటారట. "గోడమీద వొక డబ్బా వున్నది. దాన్ని యెటు తిప్పినా యేమీ కాదు. అది అలంకారానికి పెట్టినదా, ఆఫీసరుగారి భయానికి పెట్టినదా?" అని ఆ సోదరి ప్రశ్న.

యీ శీర్షికలో మేము యిన్నాళ్ళూ నీళ్ళ మోటారూ, గీజరూ, మిక్సీ వంటి యింటి వస్తువుల సంగతులే ముచ్చటించాము. ఆఫీసు చల్లదనం యింటి విషయం కాదు గదా అని కొందరు అనవచ్చు. కాని మన సంఘ కుటుంబాలలో చాలామంది పగలంతా గడిపేది యిటువంటి కట్టడాలలోనే. అక్కడ పట్టిన జలుబు సాయంత్రం బస్సెక్కి యింటికే వస్తుంది. పైగా మేము గుమాస్తాగిరీ వెలగబెడుతున్న కట్టడం కూడా ఆ జాతిదే. కాబట్టి మాకు తెలిసినంతవరకు చెబుతాము. మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషను గట్టెక్కి కుర్చీలో పడ్డవారము. అయితే యిరవై యేళ్ళుగా ఆ గాలి మింగుతున్నాము, దాన్ని బాగుచేసేవారి వెంట నిచ్చెన పట్టుకుని తిరిగాము.

ఆ డబ్బా అలంకారానికి పెట్టినది కాదు. దాని పేరు థర్మోస్టాటు. పాత కట్టడాలలో దాని మూత తీసి చూస్తే కరెంటు తీగ కనబడకపోవచ్చు. సన్నని గొట్టాలు రెండు, రెండు లోహాలను అతికించిన వొక రేకు, దానికింద సూదిమొనపాటి రంధ్రం, అంతే. గది వేడెక్కితే ఆ రేకు వంగుతుంది, వంగి రంధ్రాన్ని మూస్తుంది. చల్లబడితే లేస్తుంది. ఆ రంధ్రంలోనుంచి యెప్పుడూ కొంచెం గాలి బయటకు పోతూ వుంటుంది. రంధ్రం మూసుకున్న కొద్దీ లోపల గాలి వొత్తిడి పెరుగుతుంది. ఆ వొత్తిడే సన్నని గొట్టంలోనుంచి వెళ్ళి, ఫాల్స్ సీలింగు పైన వున్న గాలితలుపును తిప్పుతుంది. యీ తలుపును మెకానిక్కులు డాంపరు అంటారు. అంటే యిది కరెంటుతో కాక గాలితో నడిచే యేర్పాటు అన్నమాట. చెవి దగ్గర పెడితే సన్నగా బుస వినబడుతుంది. అది రోగం కాదు సుమండీ, దాని వూపిరి.

యీ వూహ మొదట వొక బడిపంతులుగారిది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే వూళ్ళో వారెన్ జాన్సన్ అనే వుపాధ్యాయుడు పాఠం చెబుతూ వుంటే, బడి నౌకరు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి వేడి యెంత వున్నదో చూచి, కిందకు పోయి కొలిమి సరిచేసేవాడట. పాఠం చెడిపోతున్నదని విసిగి, గదిలో వేడి తగ్గితే కిందనున్న నౌకరుకు తెలిసేటట్లు వొక కరెంటు యంత్రం కల్పించి 1883లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1885లో మిల్వాకీలో కంపెనీ వెలిసింది. నౌకరు అవసరం కూడా లేకుండా గాలి వొత్తిడితోనే అంతా నడిచే పద్ధతికి 1895లో పేటెంటు వచ్చింది. మన ఆఫీసు గోడమీద బుసకొట్టేది ఆ వంశపు మునిమనుమడే.

యిక పది అడుగుల తేడాలో వొకరికి చలి, వొకరికి వుక్క యెందుకు? యిక్కడ రెండు గొట్టాల పద్ధతి సంగతి చెప్పాలి. 1950, 60 దశకాలలో అమెరికాలో పెద్ద ఆఫీసులకూ, ఆసుపత్రులకూ యిది బాగా పెట్టారు. కట్టడమంతటా రెండు డక్టులు పక్కపక్కనే పోతాయి. వొకదానిలో 13 డిగ్రీల చల్లగాలి, మరొకదానిలో వేడిగాలి. ప్రతి గదికీ పైన వొక పెట్టె వుంటుంది. ఆ పెట్టెలోకి రెండు డక్టులూ వచ్చి కలుస్తాయి. గోడమీది డబ్బా చెప్పినట్లు వొక తలుపు తెరుచుకుంటూ వుంటే రెండోది మూసుకుంటూ వుంటుంది. స్నానానికి వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొరుపుకున్నట్టు. పడమటి యెండ తగిలే గదికి చల్లనిది యెక్కువ, వుత్తరపు నీడ గదికి తక్కువ. యెవరి గది వారి యిష్టం. నీళ్ళ గొట్టాలు తలమీద పోవు గనుక కారతాయన్న భయం లేదు. ఆలోచన గొప్పదే. కాని వొకపక్క పొయ్యి వెలిగించి, వొకపక్క చల్లబరచి, రెండిటినీ కలిపి పారబోయడమంటే వొంటెద్దు బండికి రెండెడ్ల మేత వెయ్యడమే గదా. 1973లో చమురు ధర మండిన తరువాత అక్కడివారికీ కన్ను తెరుపు పడి, కొత్త కట్టడాలలో యీ పద్ధతి చాలావరకు విడిచిపెట్టారు. పాతవాటిలో మాత్రం యిప్పటికీ నడుస్తున్నవి వున్నాయి.

మన చెన్నపట్నానికి వేడిగొట్టం యెందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకు కాస్త అటూ యిటూగా వుండే వూరు యిది. చల్లదనం కోసం 1842లో బోస్టను నుంచి ఓడలమీద వచ్చే మంచుగడ్డలకు సముద్రపొడ్డున యిల్లు కట్టించిన వూరు. యిప్పటికీ ఆ పేటను ఐసుహౌసు అనే అంటాము. (మీ యింటి ఏ.సీ. వొకటిన్నర టన్ను అంటారే, ఆ టన్ను కూడా మంచుగడ్డ టన్నే. రెండువేల పౌన్ల మంచు యిరవైనాలుగు గంటలలో కరిగితే యెంత చల్లదనమో అంత. యంత్రం బరువు కాదు.) యిక్కడ రెండు గొట్టాల కట్టడాలు అరుదే. మౌంటురోడ్డులో ఎల్.ఐ.సి. వారి మేడ 1959 ఆగస్టు 23న ప్రారంభమైన తరువాత, యెత్తు కట్టడాల మోజు వూరికి పట్టుకున్నది. ఆ మోజులో కట్టిన వొకదానిలో, పేరెందుకు లెండి, మూడో అంతస్తుకు మాత్రం యే విదేశీ నమూనా చూచి వేశారో కాని యీ రెండు గొట్టాలూ వేశారు. మా సెక్షను ఆ అంతస్తులోనే. వేడిగొట్టంలో కరెంటు హీటరు వుండేదట. యెప్పుడో పీకివేశారు. కాబట్టి మా వేడిగొట్టంలో వచ్చేది వేడిగాలి కాదు, చల్లబరచని గాలి. యీ తేడా గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

మా కట్టడంలో యీ యంత్రాలు చూచే మేస్త్రి వొకాయన వున్నారు. వ్యాసర్పాడివారు. యింట్లో తెలుగు, వీధిలో అరవం. తెలుగు అక్షరం రాదు, కాని మాట్లాడితే తియ్యగా వుంటుంది. ఆయన పద్ధతి చూచిన తరువాతే మాకు యీ వ్యవహారం అర్థమైంది. చలిగా వున్నదని యెవరైనా ఫిర్యాదు చేస్తే, కుర్రవాళ్ళు స్క్రూడ్రైవరు తీసి నేరుగా డబ్బా మీద పడతారు. యీనిందంటే దూడను కట్టెయ్యమన్న సామెతే. మేస్త్రి అట్లా కాదు. "స్క్రూ కడాకు సార్. ముందు గాలి వుండాదా లేదా చూడల్ల. ఊపిరి లేనోడికి చెవిలో మందేస్తే యేం లాభం?" అంటారు.

ఆయన మొదట అడిగేది, వొక్క గదికేనా, అంతస్తుకంతా వున్నదా, కట్టడానికంతా వున్నదా అని. కట్టడమంతా తప్పుగా వుంటే గదిలోని డబ్బాను అనడం దండగ. కింద ప్లాంటురూములో గాలి కంప్రెసరు దగ్గరకు పోవాలి. అక్కడి గడియారపు ముల్లు చదరపు అంగుళానికి 20 పౌన్ల దగ్గర, లేదా కాస్త దిగువగా నిలకడగా వుండాలి. గదిలోని డబ్బా ఆ వొత్తిడిని 3 పౌన్లకూ 15 పౌన్లకూ మధ్య ఆడిస్తూ తలుపును తిప్పుతుంది. మొదటే 10 పౌన్లు వస్తూ వుంటే అది యేమి ఆడిస్తుంది? గాలి బొత్తిగా ఆగిపోతే తలుపును స్ప్రింగు వొక వైపుకు లాగివేస్తుంది. యే వైపు అన్నది మొదట అమర్చినవారి యిష్టం. వొక అంతస్తంతా వొక్కసారిగా చల్లబడినా, వుడికినా ముందు అనుమానించవలసినది యిదే.

కంప్రెసరు బాగానే వున్నా, కారే చోట్లు వుంటాయి. గ్యాసు సిలిండరు మార్చినప్పుడు మన ఆడవారు సబ్బునురుగు రాసి చూస్తారే, యిక్కడా అదే మందు. బుడగ లేచిన చోట గొట్టం చిల్లు. యెలుకలు కొరికినవి, పెయింటువాళ్ళు నిచ్చెన ఆనించి విరిచినవి, పార్టిషను వేసేవాళ్ళు మేకు దిగగొట్టినవి, అన్నీ మేము చూచాము.

యిక మన వూరికి ప్రత్యేకమైన రోగం వొకటి. యిక్కడి గాలిలో నీరు యెక్కువ. ఆ గాలిని నొక్కి టాంకులో నింపితే నీళ్ళు అడుగున చేరతాయి. టాంకు కింద చిన్న కుళాయి వుంటుంది. రోజూ దాన్ని వొకసారి తిప్పి నీళ్ళు వదలాలి. గాలిని ఆరబెట్టే యంత్రం కూడా సరిగా పని చెయ్యాలి. లేకపోతే ఆ నీళ్ళూ, కంప్రెసరు నూనే కలిసి గొట్టాలలో యెక్కి, సూదిమొన రంధ్రాలలో జిగటగా పట్టుకుంటాయి. నీళ్ళయితే యెప్పటికైనా ఆరుతాయి. నూనె యెక్కిందంటే ఆ గొట్టాన్ని శుభ్రం చెయ్యడం బ్రహ్మతరం కాదు. వొక కుళాయి తిప్పని బద్ధకానికి అంతస్తంతటి డబ్బాలూ మార్చుకోవలసి వస్తుంది.

గాలి సరిగా వున్నదని తేలిన తరువాతే గదిలోకి రావాలి. అప్పుడు కూడా స్క్రూ కాదు, ముందు కళ్ళు. డబ్బా యెక్కడ వున్నది? కట్టినప్పుడు పెద్ద హాలు. తరువాత వచ్చిన ఆఫీసరుగారు కేబిను కట్టించుకున్నారు. డబ్బా ఆయన కేబిన్లో పడింది, అది నడిపే గాలి మాత్రం బయట గుమాస్తాల నెత్తిమీద పడుతున్నది. ఆయన తలుపు వేసుకుని వుక్కపోతకు తిప్పిన కొద్దీ యిక్కడ మనకు స్వెట్టరు. పెరంబూరు సోదరి భర్తగారి సంగతి యిదే అయి వుండవచ్చునని మా అనుమానం. కొన్నిచోట్ల డబ్బాకు అడ్డంగా బీరువా నిలబెడతారు. కొన్నిచోట్ల దాని కిందే జిరాక్సు యంత్రమో, టీ కాచుకునే కెటిలో పెడతారు. ఆవిరి తగిలి ఆ డబ్బా, పాపం, గదంతా మండిపోతున్నదని నమ్ముతుంది. దాని తప్పేమున్నది? ఆ సోదరి భర్తగారికి మా సలహా ఏమంటే, వొక మామూలు థర్మామీటరు తీసుకుని మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తమ బల్ల దగ్గరా, డబ్బా దగ్గరా, విసురుకునే ఆయన బల్ల దగ్గరా వేడి యెంతో వ్రాసిపెట్టమనండి. గాలి వచ్చే జాలీకి సన్నని కాగితం ముక్క అంటించి అది యెంత కొట్టుకుంటున్నదో చూడమనండి. "చాలా చలిగా వున్నది" అంటే యే మెకానిక్కూ లెక్కచెయ్యడు. కాగితం మీద అంకెలు చూపిస్తే నిచ్చెన తెస్తాడు.

అప్పుడు డబ్బాను నెమ్మదిగా వొక కొసనుంచి మరో కొసకు తిప్పి, పైన తలుపు కదులుతున్నదా అని వినాలి. కదలకపోతే తలుపును నడిపే రబ్బరు పొర చిరిగి వుండాలి, లేదా కడ్డీ తుప్పు పట్టి వుండాలి. చేతిపంపుతో నేరుగా ఆ రబ్బరుకే గాలి కొట్టి చూస్తే, తప్పు డబ్బాదా తలుపుదా అన్నది తేలిపోతుంది. కదులుతూ వున్నా నమ్మరాదు. తలుపు మూసుకున్నట్టు కడ్డీ చెబుతుంది, లోపల అంచు రబ్బరు రాలిపోయి గాలి దూరుతూ వుంటుంది. దీనికి మా వంటి గుమాస్తాలకు నచ్చే లెక్క వొకటి వున్నది. చల్లని డక్టులో 13 డిగ్రీలు, రెండో డక్టులో 27 డిగ్రీలు వున్నాయనుకోండి. డబ్బాను పూర్తిగా చల్లని వైపుకు తిప్పితే గదిలోకి 13 రావాలి గదా. 15 వచ్చింది. రెండిటికీ తేడా 14. మనకు యెక్కువ వచ్చినది 2. అంటే మూసివున్నదనుకునే తలుపులోనుంచి యేడో వంతు గాలి దొంగతనంగా వస్తున్నదన్నమాట. చిట్టా రాసేవాడికి యింతకంటె తేలిక లెక్క వుండదు. యిన్నీ అయిన తరువాత, అప్పటికీ తేడా వుంటేనే స్క్రూ తిప్పడం.

జాగ్రత్త వొకటి చెప్పి ముందుకు పోతాము. పాత డక్టులమీది పొర గోకవద్దు. ఆ కాలపు పొరలలో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు, దాని పొడి ఊపిరితిత్తులకు చేటు. అట్లాగే, మంటలు లేచినప్పుడు పొగ ఆపే తలుపులు కూడా కొన్ని కట్టడాలలో యీ గాలితోనే నడుస్తాయి. 1975 జూలైలో ఎల్.ఐ.సి. మేడ తగలబడిన నాటి సంగతి పెద్దలకు గుర్తుండే వుంటుంది. పాత గాలిగొట్టాలు కత్తిరించేముందు అవి యెక్కడెక్కడికి పోతున్నాయో చూచుకోనివాడిని నిచ్చెన యెక్కనివ్వరాదు.

యిదంతా వొక యెత్తు, పోయిన యేడు అక్టోబరులో మా అంతస్తులో జరిగినది వొక యెత్తు.

మా సెక్షనులో సర్వీసు రిజిస్టర్లు వుంటాయి. వొక మనిషి వుద్యోగంలో చేరిన నాటినుంచి అతని జీవితం అందులో వుంటుంది. అటెండరుగా చేసి చనిపోయిన వొకాయన భార్య ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చింది. రిజిస్టరు తీసి చూస్తే పుటలు బూజు పట్టి అట్టముక్కలాగా అంటుకుపోయి వున్నాయి. నామినేషను వ్రాసిన పుట ఆ మధ్యలో యెక్కడో వున్నది. లాగితే చిరుగుతుంది. ఆమె మూడుసార్లు వచ్చింది, రెండు బస్సులు మారి. "రికార్డు చదవడానికి వీలుకాదు" అని వొక ముక్క వ్రాసి పంపించవచ్చునని పైవారు అన్నారు. అట్లా వ్రాస్తే ఆమె వారసత్వపు సర్టిఫికెట్లకు యెన్ని గడపలు తొక్కాలో మాకు తెలుసు. మేము ఆ ముక్క వ్రాయలేదు, మరో పదిరోజులు గడువు అడిగాము.

ఆమె రిజిస్టరు వొక్కటే కాదు. బీరువాలు తెరిచి చూస్తే పై అరలన్నీ అదే వాసన. అయితే గోడమీద 24 డిగ్రీలు చక్కగా వున్నది. యెవరికీ చలి లేదు, వుక్క లేదు అనేటట్టే వున్నది, కాని కాగితం చేత పట్టుకుంటే అప్పడపు పిండిలాగా మెత్తగా వాలిపోతున్నది. కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు కుర్రవాడు వచ్చి, పాతది మొత్తం పీకి డిజిటలు పెట్టాలని లక్షలలో అంచనా వేసి యిచ్చాడు. పైవారు ఆ అంకె చూచి, అయితే యీ అంతస్తుకు ఏ.సీ. ఆపేసి, రికార్డులు నేలమాళిగలోకి దింపుదామన్నారు. వానాకాలంలో మన నేలమాళిగలు యెట్లా వుంటాయో చెప్పనక్కరలేదు.

మేస్త్రి మామూలు ప్రకారం అన్నీ చూచారు. గాలి వుంది. డబ్బా సరే. తలుపులు సరే. "అన్నీ బాగుండాయి సార్, అయినా గది బాగలేదు" అని తల గోక్కున్నారు. తరువాత ఆయన చేసినది చూచి మేము నమస్కారం పెట్టాము. రెండు థర్మామీటర్లు తెచ్చి, వొకదాని కొసకు తడిగుడ్డ చుట్టారు. గాలి పొడిగా వుంటే తడిగుడ్డ బాగా చల్లబడుతుంది, రెండు అంకెలకూ తేడా పెరుగుతుంది. చెమ్మగా వుంటే తేడా వుండదు. మట్టికుండ వేసవిలో నీళ్ళు చల్లబరచి, ముసురులో చల్లబరచలేకపోవడం యిందుకే. గదిలో మామూలు థర్మామీటరు 24, తడిగుడ్డది 20.5. అంటే చెమ్మ నూటికి 73 వంతులు. 65 దాటి అట్లాగే నిలిస్తే కాగితం మీద బూజు పాలు పోసినట్టు పెరుగుతుంది. తరువాత రెండో డక్టులో పెట్టారు. అక్కడ 27, 25. చెమ్మ నూటికి 85.

దొంగ దొరికాడు. చల్లని డక్టులో గాలి నీళ్ళగొట్టాల చుట్టలను తాకుతూ వస్తుంది. మంచినీళ్ళ చెంబుకు చెమట పట్టినట్టు అక్కడ గాలిలోని నీరు కారి కిందకు పోతుంది. రెండో డక్టుకు ఆ స్నానం లేదు. నేరుగా వచ్చేస్తుంది. మా దాంట్లో రెండు డక్టులకూ వేరువేరు ఫాన్లు. బయటిగాలి రెండు ఫాన్లకూ వెళుతుంది. రెండో ఫాను వైపు తలుపు తుప్పు పట్టి బార్లా తెరుచుకుని బిగిసిపోయింది. కాబట్టి యీశాన్య రుతుపవనపు ముసురుగాలి అంతా ఆ డక్టులోనుంచి మా రిజిస్టర్ల మీదకు వస్తున్నది. చల్లని డక్టు గాలిలో వున్న నీటికి రెట్టింపు పైన దీనిలో వున్నది. మే నెలలో యెందుకు తెలియలేదంటే, యెండలో డబ్బా యెప్పుడూ చల్లగాలినే అడుగుతుంది, రెండో తలుపు దాదాపు మూసుకునే వుంటుంది. వానరోజు యెండ లేదు, గది యిట్టే 24కు దిగుతుంది, డబ్బా చల్లనిదాన్ని తగ్గించి రెండోదాన్ని తెరుస్తుంది. డబ్బాకు వేడి తెలుసు, చెమ్మ తెలియదు. అది తన పని తప్పు లేకుండా చేస్తూ, మా కాగితాలను తడుపుతూ వచ్చింది. డిజిటలు డబ్బా పెట్టినా, చెమ్మ కొలిచేది కాకపోతే అదే పని యింకా చురుకుగా చేసి వుండేది.

మేస్త్రి రెండో ఫానుకు పోయే బయటిగాలి దారిని రేకుతో మూసివేశారు. బయటిగాలి యికమీదట చల్లని వైపునుంచే, నీరు కారిపోయిన తరువాతే వస్తుంది. రెండో డక్టులో గదిలోని గాలే తిరుగుతుంది. మనుషులకు మంచిగాలి అందాలి గదా, 2020 తరువాత దాని విలువ యెవరికీ చెప్పనక్కరలేదు. అందుకని చల్లని తలుపులు పూర్తిగా మూసుకోకుండా ప్రతి పెట్టెలోనూ వొక కట్టు పెట్టారు. రేకుకూ, బోల్టులకూ అయిన ఖర్చు మా సెక్షను టీ ఖాతా పాటిది. వారం తరువాత గదిలో 24, తడిగుడ్డ 18.5. నూటికి 60 లోపు.

రిజిస్టరు సంగతి. యెండలో పెట్టమన్నవారు వున్నారు. పెట్టరాదు, సిరా వెలుస్తుంది, కాగితం పెళుసెక్కుతుంది. బీరువాలోనుంచి తీసి, విడివడిన పుటల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, నీడలో ఫాను గాలికి వుంచాము. రోజూ అద్దుడు కాగితాలు మార్చాము. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, బూజు మంచిది కాదు. నాలుగో రోజున పలచని యెముక కత్తితో అంచులు కదిపితే పుటలు వొక్కొక్కటిగా వచ్చాయి. నామినేషను పుట మూల కొంచెం పోయింది. పేరు మాత్రం స్పష్టంగా వున్నది. ఆమెకు ఫిబ్రవరిలో పెన్షను మంజూరైంది.

మేము డిజిటలుకు విరోధులము కాము. పాత గాలి డబ్బాలకు విడిభాగాలు దొరకడం కష్టమవుతున్నది. యెప్పుడో వొకప్పుడు మార్చక తప్పదు. కాని తుప్పు తలుపుకు కొత్త డబ్బా తగిలిస్తే ఖర్చు తప్ప కలిసివచ్చేది లేదు. ముందు తలుపులు బాగుచేయించి, గాలిదారులు సరిచేయించి, ఆ తరువాత మార్చుకుంటే, పాత గాలిమోటార్లను అట్లాగే వుంచి, కరెంటు మాటను గాలి మాటగా మార్చే చిన్న యంత్రాలతో విడతలు విడతలుగా కూడా గడుపుకోవచ్చును. ఆ ఇంజనీరు కుర్రవాడితో యీ మాటే అంటే, అతను కాదనలేదు. అంచనా తిరిగి వ్రాసుకొచ్చాడు. తెలివైనవాడు, కాకపోతే యిటువంటి పాతది అతను చదువులో చూడలేదు, చూపించేవారూ లేరు.

మేస్త్రి వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. యే గొట్టం యే తలుపుకు పోతుందో కాగితం మీద యెక్కడా లేదు. మొదటి నక్షాలు యే కాలంలో పోయాయో తెలియదు. ఆయన తలలో వున్నాయి. అందుకని శనివారాలు మధ్యాహ్నం ఆయన నిచ్చెన మీదనుంచి చెబుతూ వుంటే, కింద ఆ ఇంజనీరు కుర్రవాడూ మేమూ వ్రాసుకుంటున్నాము. అతను ఇంగ్లీషులో బొమ్మ గీస్తాడు, మేము తమిళంలో పేర్లు వేస్తాము, ఆయనకు చదివి వినిపిస్తాము. యిప్పటికి పంతొమ్మిది పెట్టెలు అయ్యాయి. యింకా పదకొండు వున్నాయి. ప్రతి పెట్టెకూ చల్లనిదానికి నీలం దారం, రెండోదానికి యెర్ర దారం కడుతున్నాము.

కంప్రెసరు టాంకు కుళాయి తిప్పే పని యిన్నాళ్ళూ ఆయనే చేసేవారు. యిప్పుడు దాన్ని సెక్షనులో అందరికీ పంచి, యెవరి వంతు యెప్పుడో నోటీసు బోర్డు మీద వ్రాసి పెడుతున్నాము. యీ వారం మాది.